ముక్కు రంధ్రం తెరిచినా మళ్ళీ ఎందుకు ముడుచుకుంటాది?

శేషాచలం_పీజీ
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇ.ఎన్.టి. పీజీ చేస్తా ఉండాను. ముక్కు రంధ్రం ముడుచుకుపోయిన కేసులు తక్కువే, కానీ ఒకసారి కోయించుకుని మళ్ళీ మూసుకుపోయి వచ్చేవాళ్ళను చూస్తే చాలా బాధగా ఉంటాది. చర్చ కోసం ఒక నమూనా పెడతా. ముఖం కాలి ఏడాది దాటింది. కుడి రంధ్రంలో చుట్టూరా మచ్చ, నడిమధ్య మిగిలిన సందు 2 మి.మీ., పొర మందం 3 మి.మీ. లోపల ముక్కు బాగుంది. దీన్ని ఎట్లా తెరవాలి, తెరిచినాక ఎట్లా నిలబెట్టుకోవాలి? పుస్తకం తీస్తే జడ్-ప్లాస్టీ (Z ఆకారంలో కోసి చర్మాన్ని అటూ ఇటూ మార్చి కుట్టడం), గ్రాఫ్ట్ (వేరే చోటి చర్మం తెచ్చి వేయడం), స్టెంట్ (రంధ్రం మూసుకోకుండా లోపల పెట్టే గొట్టం) అని మూడు మాటలుంటాయి. ఏది ఎప్పుడు, ఎన్నాళ్ళు, ఎక్కడ చెడిపోతాది అనేది తెలిసిన పెద్దలు చెప్పండి.

నాసాద్వారం
కత్తి పట్టేముందు కారణం తేల్చుకో తమ్ముడూ. కాలిన గాయం, దెబ్బ, గ్రహణం మొర్రి ఆపరేషన్, ముక్కు అందానికి రెక్కల మొదట్లో ఎక్కువ కోసేయడం, రక్తం ఆపడానికి సిల్వర్ నైట్రేట్‌తో చుట్టూరా కాల్చడం, ఎక్కువ రోజులు ఉంచిన ప్యాక్, నాసోగ్యాస్ట్రిక్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఒరుసుకోవడం. ఇవన్నీ ఆరిపోయిన మచ్చలు, వీటి మీద ఆపరేషన్ చేయొచ్చు. వయసు పైబడిన వాళ్ళలో చిన్ననాటి మశూచి మచ్చ కూడా కనిపించొచ్చు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో.

ఇంకా రగులుతున్న జబ్బులు వేరు. కుష్ఠు, చర్మపు క్షయ, రైనోస్క్లెరోమా (ముక్కులో గట్టి గడ్డలు తెచ్చే బాక్టీరియా జబ్బు), రక్తనాళాల వాపు జబ్బులు. వీటిలో మచ్చ ఒక పక్క తయారవుతానే ఉంటాది. ఆ దశలో కోస్తే ఎంత బాగా కోసినా కొన్ని నెలల్లో మళ్ళీ మొదటికొస్తాది. అనుమానముంటే ముందు బయాప్సీ. పుండు, రక్తపు పొక్కులు ఉంటే ఆంకా పరీక్ష (రక్తనాళాల వాపు జబ్బును పట్టే రక్తపరీక్ష) కూడా. రైనోస్క్లెరోమా అయితే సిప్రోఫ్లాక్సాసిన్ వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వాడి, జబ్బు అణిగిందని చూసుకున్నాకే కత్తి.

నీ నమూనాలో ఏడాది దాటింది కాబట్టి మచ్చ పండినట్టే. మామూలుగా 6 నుంచి 12 నెలలు ఆగడం మంచిది. ఎర్రగా, గట్టిగా, దురదపెట్టే మచ్చ అంటే ఇంకా పచ్చిదే. మెత్తబడి, తెల్లబడి, కింది కండ మీద జరగాల.

ఆ 2 మి.మీ. సందులోంచి 2.7 మి.మీ. ఎండోస్కోప్ పోదు. లోపల బాగుందని నువ్వెట్లా చెప్పగలిగావు? రెండో రంధ్రంలోంచి పోయి వెనకనుంచి చూడొచ్చు. సి.టి. తీస్తే పొర మందం, లోపలి అతుకులు, దూలం (రెండు రంధ్రాల నడిమి గోడ) వంకర అన్నీ తెలుస్తాయి. ముందుపొర తెరిచినాక వెనక ఇంకో అతుకు బయటపడితే టేబుల్ మీద దిక్కుతోచదు.

కత్తి_దారం
ప్లాస్టిక్ సర్జరీ వైపు నుంచి. ముడుచుకోవడం ఎందుకో ముందు అర్థమైతే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. బొందు లాగితే సంచి మూతి ఎట్లా ముడుచుకుంటాదో చూసినారు కదా. మచ్చ చుట్టూరా గుండ్రంగా ఉంటే దాంట్లోని మయోఫైబ్రోబ్లాస్టులు (మచ్చను ముడిచే కణాలు) అట్లానే నడిమికి లాగుతాయి. పొడుగ్గా గీతలా ఉన్న మచ్చ పొట్టిదైతే ఒక పక్క లాగుడు, అంతే. గుండ్రటి మచ్చ పొట్టిదైతే రంధ్రమే పోతాది.

ఆ పొరను గుండ్రంగా కోసి తీసేస్తే ఏం మిగిలింది? ఇంకో గుండ్రటి పచ్చిగాయం. టేబుల్ మీద వేలు పట్టేంత రంధ్రం కనిపిస్తాది, మూడో నెలకు పాత కథే. లేజర్‌తో కాల్చినా, డైలేటర్ వేసి సాగదీసినా ఇదే లెక్క. డైలేటర్ మచ్చను చింపుతాది, చినిగినచోట కొత్త మచ్చ వస్తాది. కాబట్టి చేయాల్సినవి మూడు. వలయాన్ని తెంపాల. పచ్చిగా మిగిలినచోట చర్మం కప్పాల. లోపలికి లాగే బలానికి ఎదురు ఏదో ఒకటి నెలల తరబడి నిలబడాల. మూడిట్లో ఏ ఒక్కటి వదిలేసినా పడిన శ్రమంతా వృథా.

మందం 3 మి.మీ., లోపల ముక్కు బాగుంది అంటే నీ నమూనాకు గ్రాఫ్ట్ అవసరం రాకపోవచ్చు. పొరకు రెండు వైపులుంటాయి, బయటిది చర్మం, లోపలిది ముక్కు లోపలి పొర. బయటివైపు కూడిక గుర్తు (+) లాగా కోయి, నాలుగు ముక్కోణపు ఫ్లాపులు (ఒక పక్క అతుక్కునే ఉండే చర్మపు రేకులు) వస్తాయి. రెండు పొరల నడుమ ఉన్న గట్టి మచ్చకండను జాగ్రత్తగా తీసెయ్. ఇప్పుడు లోపలి పొరను గుణకారం గుర్తు (×) లాగా కోయి, అంటే 45 డిగ్రీలు తిప్పి. అక్కడ ఇంకో నాలుగు. బయటి ముక్కోణాలను లోపలికి, లోపలివాటిని బయటికి మడిచి, ఒకదాని సందులో ఇంకోటి కూర్చోబెట్టు. రెండు చేతుల వేళ్ళు అల్లుకున్నట్టు. కుట్టు గీత గుండ్రంగా కాకుండా వంకరటింకరగా వస్తాది, అదే మనకు కావలసింది. లోపల 5-0 కరిగే దారం, బయట 6-0 నైలాన్, 5 నుంచి 7 రోజుల్లో తీసేయ్.

ఒక పక్కే తెరలాగా అడ్డొచ్చిన మచ్చకు మామూలు జడ్-ప్లాస్టీ చాలు. 60 డిగ్రీల కోణంతో కోస్తే లెక్క ప్రకారం 75 శాతం పొడవు పెరుగుతాది, 45కి 50 శాతం, 30కి 25. కాలిన చర్మంలో అంత రాదు, ఎందుకంటే పక్క చర్మం కూడా బిగుసుకుపోయి ఉంటాది. ఫ్లాపు కొన మరీ సన్నగా కోస్తే నల్లబడి చచ్చిపోతాది. మచ్చ చర్మంలో కోణం తగ్గించొద్దు, మొదలు వెడల్పుగా ఉంచు.

శేషాచలం_పీజీ
చాలా బాగా అర్థమైంది సార్. పొర మందం 5, 6 మి.మీ. దాటి, లోపలికి సొరంగంలాగా ఉంటే?

కత్తి_దారం
అప్పుడు ఫ్లాపులు చాలవు. మచ్చనంతా తీసేసి, మిగిలిన పచ్చిచోటుకు చెవి వెనక చర్మం పూర్తి మందంతో తేవాల. పలుచగా ఉంటాది, వెంట్రుకలుండవు, తీసినచోటు నేరుగా కుట్టేయొచ్చు. తొడమీది సన్న పొర గ్రాఫ్ట్ సులభంగా అతుక్కుంటాది, కానీ ఆ తర్వాత ఎక్కువ ముడుచుకునేది కూడా అదే. ముడుచుకోవడమే జబ్బైనచోట అది నాకు ఇష్టముండదు. పూర్తి మందం గ్రాఫ్ట్ కోసిన వెంటనే బాగా చిన్నదైపోతాది, తర్వాత తక్కువ ముడుచుకుంటాది. అందుకే కొలతకంటే పెద్దదిగా తియ్.

కింది కొవ్వంతా కత్తెరతో తీసేసి, గ్రాఫ్ట్‌ను స్టెంట్ మీద పచ్చివైపు బయటికి ఉండేట్టు చుట్టి లోపలికి పంపాల. అంచును రంధ్రం గట్టుకు కుట్టి, దూలం వైపు రెండు మూడు కుట్లు ఆరపార వేస్తే గ్రాఫ్ట్ కింద రక్తం చేరదు. 7 నుంచి 10 రోజులు దాన్ని తాకొద్దు. గ్రాఫ్ట్ పోవడానికి పెద్ద కారణాలు రెండే, కింద రక్తం గడ్డకట్టడం, స్టెంట్ కదలడం.

రెక్క మృదులాస్థే కాలిపోయి ఉంటే చర్మం ఒక్కటే వేసి లాభం లేదు, గాలి పీల్చగానే రెక్క లోపలికి పడిపోతాది. చెవి దొప్పలోంచి మృదులాస్థి పట్టీ పెట్టాల, లేదా చెవి అంచునుంచి చర్మం, మృదులాస్థి కలిపి కాంపోజిట్ గ్రాఫ్ట్. ఈ రెండోది ఒకటి, ఒకటిన్నర సెం.మీ.కు మించి పెద్దది వేస్తే నడిమి భాగానికి రక్తం అందదు. మొదట తెల్లగా, మరుసటి రోజుకు నీలంగా, మూడో రోజు నుంచి వారంలోపు గులాబీ రంగుకు వస్తాది. నీలం చూసి భయపడి విప్పేయకండి. బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళకు ఈ గ్రాఫ్ట్ వేయడమే తప్పు, ముందు మాన్పించాల.

మత్తుమందు_చిత్తూరు
ఆపరేషన్ చేసే పెద్దలు ఈ సంగతి మరిచిపోతుంటారు కాబట్టి చెప్తున్నా. ముఖం కాలినవాళ్ళకు నోరు కూడా చిన్నదై ఉంటాది, మెడ కూడా బిగుసుకుని ఉంటాది. నోరు తెరుచుకోదు, ఊపిరి గొట్టం వేయడానికి ముక్కులోంచి ఫైబరాప్టిక్ (వంగే కెమెరా గొట్టం) పంపే దారే లేదు. నోటిలోంచి మెలకువలోనే ఫైబరాప్టిక్, వీడియో లారింగోస్కోప్, గొంతుకోత సామాను, అన్నీ సిద్ధం చేసుకున్నాకే మొదలుపెట్టాల. నోరు ఎంత తెరుచుకుంటుందో ముందురోజే కొలవండి.

ట్యూబు ఆర్.ఏ.ఇ. రకమైతే గడ్డం మీదికి వంగి ఆపరేషన్ చోటుకు అడ్డం రాదు. గొంతులో పెట్టిన ప్యాక్ సంగతి బోర్డు మీద రాయాల, తీసినాక కొట్టేయాల. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ (చోటును మొద్దుబార్చే మందు) మొత్తం 7 మి.గ్రా./కిలో దాటకూడదు.

లేచే సమయంలో ముక్కులు రెండూ స్టెంట్లు, ప్యాకులతో నిండి ఉంటాయి. నోటితో ఊపిరి తీసుకోవాల్సి వస్తాదని పేషెంటుకు ముందే చెప్పి, ముక్కు మూసి ఒకసారి సాధన చేయిస్తే లేచినప్పుడు పెనుగులాట తగ్గుతాది. ట్యూబు తీసినాక మాస్కు ముక్కు మీద బిగించి నొక్కితే ఫ్లాపులు పోతాయి. నిద్రలో ఊపిరాడని జబ్బుకు సీ-పాప్ (మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మిషను) వాడేవాళ్ళుంటే ముందే చెప్పండి, ఆ రాత్రి ముక్కు మాస్కు కుదరదు.

మైనం_అచ్చు
నేను దంతవైద్యంలో ప్రాస్తోడాంటిక్స్ (కట్టుడు పళ్ళు, కృత్రిమ భాగాలు చేసే విభాగం). స్టెంట్ తయారీ గురించి వివరంగా రాస్తా, ఎందుకంటే కేసు నిలిచేదీ ఓడేదీ ఇక్కడే.

మొదటి 10 రోజులు రెడీమేడ్ సిలికాన్ రిటైనర్ గానీ, సిలికాన్ ట్యూబు ముక్క గానీ, దూలానికి నైలాన్ కుట్టుతో బిగించి ఉంచుతారు. కుట్లు తీసినాక, 10 నుంచి 14 రోజుల మధ్యలో, ఆ మనిషికి సరిపోయేది మేము చేస్తాం. ముందుగా ముక్కు వెనక దారం కట్టిన గాజ్ గుడ్డ (పల్చటి కట్టుగుడ్డ) ముక్క పెట్టాల, దారం కొస బయటికి చెంపకు అతికించాల. లేకపోతే అచ్చు పదార్థం గొంతులోకి జారుతాది. వాసెలిన్ సన్నగా పూసి, పల్చటి సిలికాన్ పదార్థాన్ని సిరంజితో రంధ్రంలోకి మెల్లిగా పంపాల, మనిషి నిటారుగా కూర్చుని నోటితో ఊపిరి తీసుకోవాల. పడుకోబెట్టి తీస్తే రెక్క వెనక్కి పడి అచ్చు వంకరొస్తాది.

అచ్చును డెంటల్ స్టోన్‌లో పోసి, మైనంతో నమూనా చేసి, వేడితో గట్టిపడే అక్రిలిక్‌లో వండుతాం. ఆత్రపడి చల్లగా గట్టిపడే అక్రిలిక్ వాడొద్దు, దాంట్లో గట్టిపడకుండా మిగిలిపోయిన రసాయనం (మోనోమర్) కొత్త చర్మాన్ని మంటపెడతాది. వేడిదైనా సరే 48 గంటలు నీళ్ళలో నానబెట్టి ఇస్తాం. నడుమ ఊపిరి కోసం 4, 5 మి.మీ. రంధ్రం. బయటి అంచు చిన్న గొడుగులాగా విప్పారాల, లోపలికి జారకుండా. రెండు రంధ్రాలకైతే రెంటినీ ముందువైపు సన్న కడ్డీతో కలుపుతాం. ఆ కడ్డీ కాలుమెల్లాకు (రెండు రంధ్రాల నడుమ ముందుండే చర్మపు స్తంభం) అంటకూడదు, నడుమ ఒక కాగితం దూరేంత సందు ఉండాల. అంటితే పుండు, పుండు మానితే ఇంకో మచ్చ.

బిగువు సరిపోయిందో లేదో చూసేదెట్లా? పెట్టగానే గట్టు చర్మం తెల్లబడతాది. 10 నిమిషాల్లో మామూలు రంగు రావాల. తెల్లగానే ఉండిపోతే ఎక్కువ బిగువు, అరగదీయాల. అసలు తెల్లబడకపోతే వదులు, దాని పని అది చేయదు. రెండు మూడు వారాలకొకసారి పిలిపించి, అర మి.మీ. నుంచి 1 మి.మీ. లావు పెంచుకుంటా పోతాం.

నాసాద్వారం
మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. ఎన్నాళ్ళు అనే మాటకొస్తే, నేను 6 నెలలకు తగ్గను. మొదటి 3 నెలలు రాత్రీ పగలూ, శుభ్రం చేసుకునే అరగంట తప్ప. తర్వాత 3 నెలలు రాత్రిళ్ళు. గ్రాఫ్ట్ వేసినవాళ్ళకు, కాలిన మచ్చలవాళ్ళకు ఇంకా ఎక్కువ.

కత్తి_దారం
పచ్చిచోటు మిగలకుండా ఫ్లాపులే కూర్చున్న కేసుకు అంత అవసరం లేదని నా అభిప్రాయం సార్. 3 నెలలతో ఆపినా నిలుస్తాది. ఆరు నెలలు ముక్కులో అక్రిలిక్ పెట్టుకుని కాలేజీకి, పనికి పోయేవాళ్ళ కష్టం కూడా చూడాల. భరించలేక మధ్యలో పూర్తిగా మానేస్తారు, అది ఇంకా నష్టం.

నాసాద్వారం
కష్టం నిజమే, కాదనను. క్యాలెండరు చూసి కాకుండా ముక్కును చూసి ఆపుదాం. ఉదయం తీసి, 4 గంటలాగి మళ్ళీ పెట్టి చూడాల. నొప్పి లేకుండా, తోయకుండా దూరితే వారానికి రెండేసి గంటలు పెంచుకుంటా పో. బిగువుగా ఉందంటే మచ్చ ఇంకా లాగుతా ఉంది, మళ్ళీ రోజంతా పెట్టుకోవడమే. ఈ పరీక్ష ఇంట్లో వాళ్ళకు నేర్పితే, దూరంనుంచి వచ్చేవాళ్ళు ఊరికే తిరగనక్కర్లేదు.

శేషాచలం_పీజీ
సార్, మైటోమైసిన్ (మచ్చ కట్టకుండా ఆపే మందు) పూస్తే స్టెంట్ కాలం తగ్గుతాదంటారు. ట్రయామ్‌సినలోన్ (స్టెరాయిడ్) సూది సంగతి ఏంది?

కత్తి_దారం
మైటోమైసిన్-సి 0.4 మి.గ్రా./మి.లీ., దూది ముక్క తడిపి 2 నుంచి 5 నిమిషాలు పెట్టి, సెలైన్‌తో బాగా కడగాల. ఫలితాలు ఒకరికొకరికి పొంతన లేవు. స్టెంట్‌కు బదులుగా మాత్రం లెక్కేయొద్దు. అన్నిటికంటే ముఖ్యం, గ్రాఫ్ట్ వేసే చోట అసలు పూయొద్దు. ఫైబ్రోబ్లాస్టులను ఆపే మందు పూసి, దాని మీద చర్మం అతుక్కోమంటే ఎట్లా అతుక్కుంటాది? ట్రయామ్‌సినలోన్ వేరే, అది పనికొస్తాది. ఆపరేషన్ తర్వాత ఒకచోట గట్టిగా ఉబ్బిన మచ్చ కనబడితే 10 నుంచి 20 మి.గ్రా./మి.లీ. బలంతో మచ్చ లోపలికే, 4 నుంచి 6 వారాల తేడాతో. మచ్చ దాటి కిందికి పోతే చర్మం పలుచనై గుంట పడతాది.

పసిగుడ్డు_వార్డు
నేను ఎన్.ఐ.సి.యు. (పసిబిడ్డల ఐ.సి.యు.) నర్సును. పెద్దలు ఆపరేషన్ గురించి చెప్పినారు, అసలు ఆ దాకా రాకుండా చూసుకునే చోటు మాది. నెలలు నిండని పిల్లలకు సీ-పాప్ ప్రాంగులు (రంధ్రాల్లో పెట్టే పొట్టి గొట్టాలు) ఒరుసుకుని కాలుమెల్లా, దూలం దగ్గర చర్మం నల్లబడితే, ఆ పుండు మానినాక రంధ్రం ముడుచుకుంటాది. ప్రాంగు రంధ్రాన్ని నింపాల గానీ సాగదీయకూడదు, చర్మం తెల్లబడిందంటే సైజు పెద్దది. ప్రాంగు మొదలుకు, కాలుమెల్లాకు మధ్య 2 మి.మీ. సందు కనిపించాల. చిన్నది వేసినా ముప్పే, గాలి లీకవుతుందని లోపలికి నొక్కుతారు, ఆ నొక్కుడే పుండు. ముక్కు కింద హైడ్రోకొల్లాయిడ్ పట్టీ, తలకు సరిపోయే టోపీ, 4 నుంచి 6 గంటలకొకసారి ప్రాంగు తీసి మాస్కు, మాస్కు తీసి ప్రాంగు. ప్రతి డ్యూటీలో టార్చి వేసి చూసి, ఎర్రబడితే అప్పుడే షీటులో రాసి డాక్టరుకు చెప్పండక్కా, నల్లబడేదాకా ఆగొద్దు.

పెద్దవాళ్ళలో మంచాన పడి, ముక్కు గొట్టంతో ఉన్నవాళ్ళకు కూడా ఇదే. గొట్టాన్ని నుదుటి మీదికి లాగి ప్లాస్టర్ వేస్తారు, అది రెక్కను పైకి ఒత్తుతాది. కిందికి నేరుగా వచ్చేట్టు చెంపకు అతికించాల, ప్లాస్టర్ రోజూ మార్చాల, గొట్టం మార్చేటప్పుడు రెండో రంధ్రంలో వేయాల.

నాసాద్వారం
అక్క చెప్పినదానికి ఒక్క మాట. పుట్టుకతోనే ముందు ఎముక సందు సన్నగా ఉండే పిల్లల సంగతి వేరే. నెలలు నిండిన బిడ్డకు సి.టి.లో ఆ వెడల్పు 11 మి.మీ. కంటే తక్కువుంటే పిరిఫార్మ్ సందు ముడుచుకున్నట్టు. పై పన్ను నడిమధ్య ఒకటే ఉందేమో, మెదడు, పిట్యూటరీ గ్రంథి సరిగా ఉన్నాయేమో తప్పక చూడాల. అది చర్మం కోసే పని కాదు, పెదవి కిందనుంచి పోయి ఎముకను డ్రిల్లుతో వెడల్పు చేసే పని.

అలిపిరి_మెట్టు
డాక్టర్లందరికీ దండాలు. మా చిన్నోడికి మీరు చెప్పిన చెవి వెనక చర్మం వేసే ఆపరేషనే పెట్టినారు. ఆపరేషన్ అయిన రెండో వారంలో కొండమీద తలనీలాలు ఇస్తామని మొక్కు ఉంది. ఇచ్చి రావొచ్చునా? ఇంట్లో ఎట్లా కడుక్కోవాలో కూడా చెప్పండి సామీ.

కత్తి_దారం
రెండో వారంలో వద్దన్నా. చెవి వెనక కుట్టిన చోటు మీదే మంగలి కత్తి పోతాది, అక్కడ కొత్త గాయం తెగుతాది, చీము పడతాది. గుండు అయినాక తలమీద నీళ్ళు పోసుకోవడం, పుష్కరిణిలో మునగడం, ఆ నీళ్ళు స్టెంట్ లోంచి నేరుగా లోపలికి. మొక్కు ఆపరేషన్‌కు ముందే తీర్చుకోండి, చెవి దగ్గర గాటు పడకుండా, ఒకవేళ పడితే ఆరినాకే ఆపరేషన్. లేదంటే ఆరు వారాలు దాటినాక, చెవి వెనక మాని ఉందని చూపించుకుని పోండి. అప్పుడు కూడా మునగొద్దు, చెంబుతో తల వెనక్కి వంచి పోయించండి.

మైనం_అచ్చు
కడిగే పద్ధతి చెప్తా అన్నా. మొదటి పది రోజులు కుట్టి ఉన్న దాన్ని మీరు తీయొద్దు, లోపలి గొట్టంలో చుక్కలు మాత్రమే వేయాల. అర లీటరు నీళ్ళు మరగకాచి చల్లార్చి, ఒక టీస్పూను మట్టంగా ఉప్పు కలిపితే చాలు, ఏ రోజుకారోజు కొత్తది. మన ఏప్రిల్, మే ఎండల్లో పొక్కు తొందరగా గట్టిపడి గొట్టం మూసుకుపోతాది, అప్పుడు రెండు గంటలకొకసారి వేసినా తప్పులేదు. పొక్కును పిన్నుతో, పుల్లతో గీకొద్దు.

తీసి పెట్టే స్టెంట్ వచ్చినాక రోజుకు రెండుసార్లు తీసి, గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, పిల్లల మెత్తటి బ్రష్షుతో కడగండి. మరిగే నీళ్ళలో వేస్తే అక్రిలిక్ వంకరపోతాది, మళ్ళీ మొదటినుంచి చేయాల. డాక్టరు రాసిన ఆయింటుమెంటు అంచుకు సన్నగా పూసి, ముక్కు కొనను పైకెత్తి, నేరుగా వెనక్కి తోయాల. బయట ఉన్నప్పుడు మూత ఉన్న డబ్బాలో పెట్టండి, చేతిగుడ్డలో చుట్టి జేబులో పెడితే పారేసుకుంటారు.

శేషాచలం_పీజీ
ఒక చివరి అనుమానం మేడమ్. రాత్రి నిద్రలో జారిపడిపోయి తెల్లారి చూసుకుంటే?

మైనం_అచ్చు
వెంటనే కడిగి పెట్టమనండి. దూరితే సరే. దూరకపోతే బలవంతం చేయొద్దు, గ్రాఫ్ట్ చీరుకుపోతాది. అందుకే స్టెంట్ ఇచ్చేటప్పుడే మేము ఒక సైజు తక్కువది కూడా చేసి ఇస్తాం. ఆ చిన్నది పెట్టుకుని అదే రోజు రావాల, మరుసటి వారం కాదు. మొదటి నెలలో రెండు రోజులు ఖాళీగా వదిలేసినా పెద్దది దూరదు. చిన్న పిల్లలకైతే రెండువైపులా కలిపే కడ్డీ లేని విడి స్టెంట్ ఇవ్వొద్దు, ఊపిరితో పాటు గొంతులోకి పోయే ప్రమాదముంది. కడ్డీకి రెండు కొసల్లో చిన్న బెజ్జాలు పెట్టి, మెత్తటి ఎలాస్టిక్‌తో తల వెనక్కి కడతాం.

శేషాచలం_పీజీ
చిన్న సైజు కూడా ఇవ్వాలనే సంగతి ఇంతవరకు తెలీదు మేడమ్. మా డిశ్చార్జ్ కాగితంలో ఈ రోజే రాయిస్తా. సి.టి. కూడా ముందే తీయిస్తాం సార్.